వెనక్కి తిరగడం వచ్చినవాళ్లకే ఎడారి

అమెరికాలోని మొహావీ ఎడారిలో ఏప్రిల్ నెల, పొద్దున్నే. బయల్దేరేముందు అలవాటుగా వంగి వ్యాను కిందకి చూశాను. వెనక కుడి చక్రం పక్కన, ఆ నీడలో తాబేలు. డిప్ప మీద ఒక్కో పలకకీ చెట్టు మొద్దులో ఉన్నట్టే వలయాలు, వాటి మధ్య గాళ్లలో సన్నటి దుమ్ము. ముందుకాళ్లు పొలుసులతో బరకగా ఉన్నాయి. మెడ సగం లోపలికి లాక్కుని నా వైపే చూస్తోంది.

"ఏమండీ, తాళం తిప్పకండి. కింద తాబేలుంది" అన్నాను.

దాన్ని చేత్తో తీసి పక్కన పెట్టకూడదు. ఈ ఎడారి తాబేళ్లు మూత్రాశయంలో నీళ్లు దాచుకుంటాయి. ఆ నిల్వ మీదే నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా, గుక్కెడు నీళ్లు దొరక్కపోయినా నెట్టుకొస్తాయి. మనం ఎత్తితే బెదిరి ఆ నీళ్లన్నీ వదిలేయొచ్చు. ముందు ఎండాకాలం పెట్టుకుని ఆ నీళ్లు పోగొట్టుకుంటే దాని ప్రాణానికే ముప్పు. 1990 నుంచి వీటికి అమెరికా ప్రభుత్వం చట్టరక్షణ ఇచ్చింది. బండి తీసేముందు కింద చూసుకోమని ఆ ప్రాంతమంతా బోర్డులు ఉంటాయి.

కుర్చీలు రెండూ మళ్లీ దించి అవతలి పక్కన వేసుకున్నాం. ఆయన పుస్తకం తీశారు. నేను నీళ్ల లెక్క రాసుకున్నాను. కాసేపటికి పక్కన ఇంకో వ్యాను ఆగింది. పాతికేళ్ల పిల్లలిద్దరు దిగి, ఏమైనా సాయం కావాలా అని అడిగారు. సంగతి చెబితే ముచ్చటపడి ఫోటో తీసుకుని వెళ్లిపోయారు. ఆ రోజు వాళ్లు మూడు చోట్లు చూడాలి, రాత్రికి ఇంకెక్కడికో చేరాలి. వాళ్లని తప్పుపట్టను. ఆ వయసులో మాకూ సెలవు నాలుగు రోజులే ఉండేది. తాబేలు కదలడానికి రెండుంపావు గంటలు పట్టింది. మేము ఆ రోజు వెళ్లాల్సిన చోటంటూ ఏదీ లేదు.

మాకు ఈ ప్రయాణాలు తగవని అనేవాళ్లు చాలామంది. మా అబ్బాయి మొదటి నుంచీ అంటూనే ఉన్నాడు. "అమ్మా, నువ్వైనా చెప్పవా నాన్నకి? ఇన్సులిన్ వేసుకునే మనిషి, ఫోను కూడా అందని చోటికి వెళ్లడం అవసరమా?" స్నేహితులు ఇంకాస్త సూటిగా, కృష్ణా రామా అనుకుంటూ ఇంటిపట్టున ఉండక ఈ వయసులో ఇదేం పని అన్నారు. వాళ్ల బెంగ నాకు అర్థమవుతుంది. అందులో ప్రేమే ఉంది. అయినా వాళ్ల లెక్క తప్పని నా అభిప్రాయం. అది ఎందుకు తప్పో ఓపిగ్గా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఎడారి మనిషి దగ్గర్నుంచి ఏం అడుగుతుందో చూడండి. తెల్లారకముందే లేవాలి. ఎండెక్కేసరికి పని ముగించి నీడ చూసుకోవాలి. ప్రతిదీ కొలిచి వాడాలి. తొందరపడకూడదు. దారి బాగోలేదనిపిస్తే ఎంత దూరం వచ్చినా వెనక్కి తిరగాలి. ఇందులో ఏ ఒక్కటీ నాకు ముప్ఫై ఏళ్లప్పుడు చేతకాలేదు. మా ఆయనకి నలభై అయిదుకి కూడా రాలేదు. అరవై దాటాక ఇవన్నీ మాకు సహజంగా వచ్చేశాయి. ఒంట్లో బలం తగ్గిన మాట నిజమే. ఎడారిలో బలంతో గట్టెక్కే సందర్భాలు చాలా తక్కువ.

2017లో ఇద్దరం ఉద్యోగాలు మానేశాం. సరుకులు మోసి మోసి రిటైరైన పాత వ్యాను ఒకటి కొన్నాం, మనిషి లోపల నిటారుగా నిలబడగలిగే ఎత్తైన కప్పుది. దాన్ని ఇల్లుగా మార్చడానికి పద్నాలుగు నెలలు పట్టింది. తయారుచేసి అమ్మేవి దొరకవా అంటే దొరుకుతాయి. డబ్బు మిగులుతుందని మొదలుపెట్టాం కానీ, ఇప్పుడైతే డబ్బుతో సంబంధం లేకుండా అదే పని మళ్లీ చేస్తాను. ఊరికి అరవై మైళ్ల దూరంలో ఏదైనా ఆగిపోతే, ఆ గోడ వెనక ఏ తీగ ఎటు పోతుందో తెలిసిన మనిషి పక్కన ఉండాలి. డబ్బిచ్చి కొన్న బండిలో ఆ మనిషి ఉండరు.

చెక్కపని ఆయనది. వంతెనలకి లెక్కలు కట్టిన ఇంజినీరు కాబట్టి మొదటి రోజే ఒక మాటన్నారు: "ఇల్లు కదలదు, ఇది కదులుతుంది. మేకు కొట్టావంటే అది రోజూ కాస్త కాస్త బయటికొస్తుంది." ఎక్కడా మేకు కొట్టలేదు. జిగురు, స్క్రూలు, బరువు పడేచోట బోల్టులు, అంతే. నీళ్ల ట్యాంకు వెనక ఇరుసుకి కాస్త ముందుగా, నేలకి ఆనించి పెట్టారు. నిండుగా ఉన్నా ఖాళీ అయినా బండి తూలకూడదని. అంతా అయ్యాక లారీలు తూచే కాటా మీదికి తీసుకెళ్లి ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించారు. ఎక్కువ బరువుతో టైర్లు వేడెక్కుతాయి, ఎడారి రోడ్డు మీద మరీను.

వైరింగ్ నాది. ముప్ఫై ఏళ్లు ఫార్మసీలో పనిచేసినదాన్ని. చీటీ లేని సీసాలో ఉన్నది మందే అయినా నా దృష్టిలో అది పారబోయాల్సిందే. ఆ అలవాటుతో ప్రతి తీగకీ రెండు చివర్లా చీటీ అంటించాను. ఫ్రిజ్, పంకా, పంపు, వంటింటి దీపం, మంచం దీపం. ఏ తీగ ఎక్కడ మలుపు తిరిగిందో ఒక నోటు పుస్తకంలో బొమ్మ గీసి పెట్టాను. 12 వోల్టులే కదా, షాకు కొట్టదు కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. భయపడాల్సింది షాకుకి కాదు, నిప్పుకి. 12 వోల్టుల మీద 600 వాట్ల వస్తువు నడిస్తే తీగలో 50 ఆంపియర్లు పారతాయి. సన్నటి తీగ అయితే మైనంలా కరిగి అంటుకుంటుంది. అందుకే లావు కేబుళ్లు వాడాలి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి.

ఆ చీటీల విలువ అంజా-బొరేగోలో తెలిసింది. కాలిఫోర్నియాలో అన్నిటికంటే పెద్ద స్టేట్ పార్కు అది, ఆరు లక్షల ఎకరాలకి పైమాటే. మట్టిదారి మీద అడ్డంగా గీతలు గీతలుగా గట్లు లేచి ఉంటాయి, బండి వాటి మీద గంటలకొద్దీ వణుకుతూ పోవాలి. సాయంత్రం ఆగి వంటకి కూర్చునేసరికి ప్లాస్టిక్ మాడిన వాసన, చాలా సన్నగా. ఆయనకి అందలేదు, నాకు అందింది. ముందు మెయిన్ స్విచ్ ఆపేశాను. మంచం పలక ఎత్తి, అరచేయి తిప్పి వేళ్ల వెనకభాగంతో ఒక్కో కనెక్షనూ తాకుతూ వెళ్లాను. నాలుగో దాని దగ్గర చెయ్యి చురుక్కుమంది. 'ఫ్రిజ్' అని నా చీటీయే. ఆ కుదుపులకి నట్టు వదులైంది, కనెక్షను సరిగ్గా ఆనక వేడెక్కి తొడుగు గోధుమరంగుకి తిరిగింది. ఆ ముక్క కత్తిరించి, కొత్త చివర నొక్కి, నట్టు బిగించి, దాని కింద స్ప్రింగు వాషరు వేశాను. అది మొదట్లోనే వేసి ఉండాల్సింది, ఆ తప్పు నాదే. ఇరవై నిమిషాల్లో ఫ్రిజ్ మళ్లీ నడిచింది. అదే కొన్న బండి అయితే ఆ వాసన ఎక్కడిదో వెతకడానికి గోడలు ఊడదీయాలి, లేదా వాసన పోయిందిలే అనుకుని పడుకోవాలి. రెండోది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ ఫ్రిజ్ మాకు పాలకీ కూరలకీ మాత్రమే కాదు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వేడి తగిలితే పాడవుతుందని అందరికీ తెలుసు, గడ్డకట్టినా అంతే పనికిరాకుండా పోతుందని చాలామందికి తెలియదు. చిన్న ఫ్రిజ్‌లలో కొన్ని మూలలు గడ్డకట్టేంత చల్లబడతాయి. అందుకని మందుల డబ్బాలోనే ఒక థర్మామీటరు పెట్టి పొద్దునా సాయంత్రం చూస్తాను. మా బ్యాటరీ 200 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేటుది. అంటే సుమారు రెండున్నర యూనిట్ల కరెంటు. పైన 400 వాట్ల సోలార్ ప్యానెళ్లు. ఎడారిలో ఎండకి కరువా అనుకుంటాం కానీ ప్యానెల్ వేడెక్కేకొద్దీ కరెంటు తగ్గుతుంది. దాని మీద దుమ్ము పడితే ఇంకా తగ్గుతుంది. పొడి గుడ్డతో గట్టిగా తుడిస్తే అద్దం గీతలు పడుతుంది, కడుగుదామంటే నీళ్లు లెక్క. మెత్తని కుంచెతో దులుపుతాను.

ఇంకో సంగతి మొదటి శీతాకాలంలో నేర్చుకున్నాం. ఎడారి రాత్రులు ఎముకలు కొరికేంత చలి. గాలిలో తేమ ఉండదు, మబ్బు ఉండదు, పగలు నేల తాగిన వేడంతా చీకటిపడగానే ఆకాశంలోకి పోతుంది. ఈ రకం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే కింద ఛార్జి చేస్తే లోపల శాశ్వతంగా పాడవుతుంది. అందుకే దాన్ని బయట పెట్టెలోంచి తీసి మా మంచం కిందకి మార్చాం. మా ఒంటి వేడి, దుప్పట్ల వేడి దానికీ అందుతుంది.

నీళ్ల విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. ఎడారిలో మనిషికి రోజుకి కనీసం ఒక గ్యాలను, అంటే 3.8 లీటర్లు ఉండాలని నేషనల్ పార్కుల వాళ్లు చెబుతారు. ఇద్దరికి 7.6. వంటకీ, గిన్నెలకీ, ఒళ్లు తుడుచుకోవడానికీ కలిపి మాకు రోజుకి 12 లీటర్లు అవుతుంది. ట్యాంకు 90 లీటర్లది. అది కాక 20 లీటర్ల క్యాన్లు రెండు, మూతల మీద ఎర్ర టేపు చుట్టి ఉంటాయి. ఏడేళ్లలో దారి మధ్యలో ఒక్కసారి కూడా ఆ టేపు విప్పాల్సి రాలేదు. ట్యాంకు సగానికి వస్తే, అంటే నాలుగో రోజుకి, ఎంత అందమైన చోటులో ఉన్నా బండి ఊరి వైపు తిప్పాల్సిందే. కుళాయికి కరెంటు పంపు పెట్టలేదు, కాలితో తొక్కే పంపు పెట్టాం. కాలు తీయగానే ధార ఆగిపోతుంది. కూరలు కడిగిన నీళ్లతో గిన్నెల జిడ్డు వదిలిస్తాం, చివరి తడుపుకే మంచినీళ్లు.

తాగడం దగ్గర మాత్రం పొదుపు లేదు. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. ఒంట్లో నీళ్లు ఇంకిపోతున్నా నోరు అడగదు. బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలు ఒంట్లో నీళ్లని ఇంకా బయటికి తోసేస్తాయి. కాబట్టి దాహం వేస్తే తాగుదాంలే అన్న మాట మా బండిలో చెల్లదు. గంటకోసారి గడియారం చూసి తాగుతాం, తాగినప్పుడల్లా పలక మీద గీత గీస్తాం. సాయంత్రానికి ఎవరి వరసలో గీతలు తక్కువుంటే వాళ్లు అక్కడికక్కడే తాగాలి. నా వృత్తిలో మందులు తీసుకునే పెద్దవాళ్లని వేలమందిని చూశాను. ఏ మందు వేడిని తట్టుకోనివ్వదో, ఏది దాహాన్ని మాయ చేస్తుందో డాక్టరుని అడక్కుండా ఎవరూ ఎడారికి బయల్దేరకండి. దీన్ని బతిమాలి చెబుతున్నాను.

ఎండాకాలం వెళ్లం. కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో 1913 జూలై 10న 134 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది, సెల్సియస్‌లో 56.7. ప్రపంచంలో ఇప్పటికీ అదే రికార్డు. ఆ ఎండని చూడాలని జూలైలో పనిగట్టుకుని వెళ్లేవాళ్లున్నారు, థర్మామీటరు పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. నవంబరు నుంచి మార్చి దాకా లోతట్టు ఎడారులు, ఏప్రిల్‌లో కాస్త ఎత్తున ఉండే మొహావీ, మే వచ్చేసరికి ఇంటికి. మాది ఇదే పద్ధతి.

ఎడారిలో నీళ్లు కూడా మనిషి ప్రాణం తీస్తాయంటే మొదట్లో నేనూ నమ్మలేదు. డెత్ వ్యాలీలో ఏడాది మొత్తం కలిపి పడే వాన రెండంగుళాల పైచిలుకు. 2022 ఆగస్టు 5న ఒక్కరోజే 1.46 అంగుళాలు పడింది. రోడ్లు తెగాయి, కార్లు మట్టిలో కూరుకుపోయాయి. మరుసటి ఏడాది ఆగస్టు 20న హిల్లరీ తుఫాను శేషం వచ్చి 2.2 అంగుళాలు కురిపించింది, ఏడాది వాన ఒక్క రోజులో. పార్కు దాదాపు రెండు నెలలు మూసి ఉంచి అక్టోబరు 15న తెరిచారు. మేము నవంబరులో వెళ్లాం. సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన ఉండే బ్యాడ్‌వాటర్ ఉప్పునేల మీద, ఏళ్లుగా ఎండి పలకలు పలకలుగా చీలి కనిపించే చోట, చెరువు. ఎప్పుడో మంచుయుగంలో అక్కడ ఉండిన మ్యాన్లీ సరస్సు మళ్లీ వచ్చిందని అందరూ చెప్పుకున్నారు. ఎదురుగా టెలిస్కోప్ శిఖరం నీళ్లలో తలకిందులుగా కనిపించింది. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

అదే నీళ్లు ఆ ఆగస్టులో ఎలా వచ్చాయో తలుచుకోవాలి. కొండలు బోడివి, నేల గట్టిది, వాన ఇంకదు. పదిహేను మైళ్ల అవతల కొండ మీద కురిసింది ఎండిన వాగులో గోడలా దిగుతుంది. మన నెత్తిన ఆకాశం నీలంగానే ఉంటుంది. వాగు అడుగు చదునుగా, మెత్తని ఇసుకతో, గాలి తగలకుండా ఉంటుంది కాబట్టి మకాం వేయడానికి మహా బాగుంటుంది. అక్కడ ఎప్పుడూ ఆగకూడదు. గాలి కొట్టినా, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా, గట్టు మీదే ఆగుతాం.

ఎంత దూరం వచ్చినా వెనక్కి తిరగాలన్నాను కదా. మా ఆయనకి ఈ ఎడారుల మీద మోజు పుట్టించినవి డెత్ వ్యాలీలో రేస్‌ట్రాక్ అనే చోట ఉన్న రాళ్లు. ఎండిపోయిన చెరువు నేల మీద పెద్ద పెద్ద రాళ్లు తమంతట తామే కదిలి, వెనక పొడుగాటి గాడి వదులుతాయి. ఎవరూ తోయరు. దశాబ్దాల పాటు అదొక చిక్కుముడి. రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్ అనే అన్నదమ్ముల పిల్లలు 2013 డిసెంబరులో అవి కదులుతుండగా కళ్లారా చూశారు. రాత్రి చలికి పలచని నీటిపొర మీద అద్దంలాంటి మంచుపలక ఏర్పడి, ఎండెక్కేసరికి అది విరిగి, చిన్నగాలికే తేలుతూ రాళ్లని నెమ్మదిగా నెడుతోంది. 2014లో ఆ సంగతి అచ్చయిన రోజు నుంచీ ఆయన అది చూడాలి చూడాలి అంటూనే ఉన్నారు.

2019 నవంబరులో బయల్దేరాం. తారురోడ్డు అయిపోయాక ఇరవయ్యేడు మైళ్ల రాతిదారి. కత్తి అంచుల్లాంటి రాళ్లు. ఎనిమిదో మైలు దగ్గర ఆయన బండి ఆపి దిగారు. నాలుగు టైర్ల చుట్టూ తిరిగారు. ముందు ఎడమ టైరు పక్కగోడ మీద గోరంత గాటు ఉంది. బొటనవేలితో దాన్ని నొక్కి నొక్కి చూశారు. గాలి పోవడం లేదు. మాకు స్టెప్నీ ఒక్కటే. మధ్యాహ్నం రెండు దాటింది.

నేనైతే ముందుకే వెళ్లేదాన్నేమో. అయిదేళ్లుగా ఆయన నోట విన్నదాన్ని, ఇంత దూరం వచ్చి ఆయన చూడకుండా పోతే ఎలాగని నాకుంది. ఆయన మాత్రం చెయ్యి దులుపుకుని వచ్చి, "తిరుగుదామా?" అన్నారు. గొంతులో బాధ లేదు. "సరేనండీ" అన్నాను. అంతే. బండి తిప్పడానికి వెడల్పు చాలక వంద గజాలు వెనక్కే నడిపారు, నేను వెనక నిలబడి చేయి ఊపుతుంటే. ఆ రాళ్లు ఇప్పటిదాకా చూడలేదు. పట్టుదల గల మనిషే ఆయన. ఒకప్పుడు ఓ వంతెన లెక్క తేలలేదని మూడు రాత్రులు నిద్రపోలేదు. ఆ మనిషికే ఎనిమిదో మైలు దగ్గర, గాలి కూడా పోని ఒక గాటు చూసి, అయిదేళ్ల కోరికని అంత తేలిగ్గా దించేయడం వచ్చింది. వయసు మనిషికి ఇచ్చేది ఇలాంటిదే. ఆ రోజు ముందుకెళ్లి తిరిగొచ్చినవాళ్లూ ఉంటారు. టైరు చీలి, ఫోను అందక, ఒక రాత్రంతా ఎదురుచూసినవాళ్లూ ఉంటారు. అది పందెం. పందేలు కాసే వయసు మేము దాటాం, అందుకే మమ్మల్ని అక్కడికి పంపడానికి భయపడకండి అంటున్నాను.

ఒంటరిగా ఏమీ ఉండం. అరిజోనాలో క్వార్ట్జ్‌సైట్ చుట్టుపక్కల శీతాకాలమంతా తెల్లజుట్టు వాళ్ల బళ్లే. ప్రభుత్వ భూములు చూసుకునే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వాళ్లు అక్కడ సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా అనుమతి తీసుకుని ఉండనిస్తారు. మిగతా ప్రభుత్వ భూముల్లో మామూలుగా పద్నాలుగు రోజులు. ఆ తర్వాత బండి కదపాలి. అరవై రెండేళ్లు నిండిన అమెరికా పౌరులకీ, శాశ్వత నివాసులకీ నేషనల్ పార్కులన్నిటికీ పెద్దల పాసు ఇస్తారు, బతికున్నన్నాళ్లూ చెల్లేది. ఒకరి బండి బాగోకపోతే నలుగురు పానాలు పట్టుకుని వస్తారు.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. ఎడారి ఖాళీ అనుకుని దారి వదిలి ఎక్కడబడితే అక్కడికి బళ్లు తోలేవాళ్లు. వీడియోల కోసం పక్కా దారి ఉండగా పొదల మీదుగా పోయిన చక్రాల గుర్తులు ఏటికేడు ఎక్కువ చూస్తున్నాను. 1942లో యుద్ధం కోసం సైన్యం మొహావీలో ట్యాంకులతో తర్ఫీదు ఇచ్చింది. ఆ ట్యాంకుల గాళ్లు కొన్నిచోట్ల ఇవాళ్టికీ కనిపిస్తాయి. ఎనభై ఏళ్లు దాటింది. నేల పైన నల్లగా, గరుకుగా పెచ్చులా ఉండేది ఉత్త మట్టి కాదు. నాచు, శిలీంధ్రాలు, కంటికి కనపడని జీవులు కలిసి అల్లుకున్న పొర అది. గాలికి మట్టి లేచిపోకుండా అదే పట్టి ఉంచుతుంది. ఒక్క అడుగు పడితే కోలుకోవడానికి ఏళ్లు, చక్రం ఎక్కితే దశాబ్దాలు. అరిజోనాలో టూసాన్ దగ్గర సగ్వారో అనే పెద్ద జాతి జెముడు మొక్కని వంగి చూశాను, ఒక పాలోవెర్డె చెట్టు నీడలో నా బొటనవేలంత ఉంది. ఆ కాస్త ఎదగడానికి పదేళ్లు పట్టి ఉంటుంది. దానికి మొదటి కొమ్మ వచ్చేది యాభై, డెబ్భై ఏళ్లకి. దాని మీద ఎవరి చక్రమో ఎక్కడానికి ఒక క్షణం చాలు. దయచేసి ఉన్న దారుల మీదే నడపండి.

ఇంత చెప్పాక కూడా మా అబ్బాయి మాటలో నిజం ఉందని ఒప్పుకుంటాను. ఆసుపత్రి దూరమే. ఉపగ్రహంతో సందేశం పంపే చిన్న పరికరం మా దగ్గరుంది. రోజూ సూర్యాస్తమయానికి, బాగున్నాం అని వాడికి కబురు వెళుతుంది, మేమున్న చోటుతో సహా. అందులో ప్రమాదం మీట కూడా ఉంది. అది నొక్కగానే ఆకాశంలోంచి డాక్టరు దిగడు, గంటలు పడుతుంది. గుండెపోటు వస్తే ఆ గంటలు మిగలకపోవచ్చు. ఇది తెలిసే వెళ్తున్నాం. గుండె జబ్బు కుదుటపడనివాళ్లూ, మందుల మోతాదు ఇంకా స్థిరపడనివాళ్లూ వెళ్లొద్దనే నేనూ చెబుతాను. ఒక్కరే వెళ్లడమూ నాకు ఇష్టం లేదు. కానీ ఇంటిపట్టున కూర్చోవడంలో ప్రమాదం లేదన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను. రిటైరైన మొదటి ఆర్నెల్లు ఆయన టీవీ ముందు, నేను ఇంకో గదిలో. రోజుకి వంద మాటలు మాట్లాడుకున్నామో లేదో. ఆయన రక్తంలో చక్కెర అప్పుడున్నంత ఎక్కువ మళ్లీ ఎప్పుడూ లేదు. వ్యానులో నడిచే చోటు రెండడుగుల వెడల్పు. ఒకరు కదిలితే ఇంకొకరికి చెప్పాలి. "వెనకున్నాను, తిరక్కండి." "కాగిన నీళ్లు, జరుగు." మాట్లాడకుండా ఒక్క పూట గడవదు.

ఎప్పుడు ఆపాలో ముందే రాసిపెట్టుకున్నాం. ఏటా అక్టోబరులో, బయల్దేరేముందు, ఇంటి ముందు వ్యానుకి జాకీ వేసి ఆయన ఒక చక్రం ఊడదీసి స్టెప్నీ బిగించాలి, ఎవరి సాయం లేకుండా. తర్వాత నేను. ఇద్దరిలో ఏ ఒక్కరు చేయలేకపోయినా ఆ ఏడాది నుంచి తారురోడ్డు దిగం, ఊళ్ల పక్కనే ఆగుతాం. ఇరవై లీటర్ల క్యాను నేల మీంచి బండిలోకి ఎత్తడం కూడా పరీక్షలో భాగమే. మా అబ్బాయి కిందటేడు వచ్చి పక్కన కుర్చీ వేసుకుని చూశాడు. నాన్న చెమట తుడుచుకున్నప్పుడల్లా లేవబోయి కూర్చున్నాడు.

ఆయనకి నలభై నిమిషాలు పట్టింది. నాకు గంటా అయిదు నిమిషాలు. మూడో నట్టు వదలకపోతే పానాకి పైపు తొడిగి, కాలితో తొక్కి తిప్పాను. వాడు లేచొచ్చి ప్రతి నట్టూ తనే మళ్లీ బిగించి చూసుకున్నాడు, ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి ఎర్ర టేపు క్యాన్లు రెండూ నింపుకొచ్చాడు. నవంబరు మొదటి వారంలో, తెల్లవారుజామున నాలుగున్నరకి, వ్యాను కిందకి ఒకసారి చూసుకుని బయల్దేరాం.